అస్తమించే సూర్యుణ్ణి ఫొటో తీద్దామా?

గోడ క్యాలెండర్ల మీద ఒక బొమ్మ మీరు చూసే ఉంటారు. సగం మునిగిన ఎర్రని సూర్యుడు. బంగారం కరిగించి పోసినట్టున్న సముద్రం. ఆ నీళ్లలోకి పొడుగ్గా చొచ్చుకుపోయిన పాత రేవు వంతెన, దాని నల్లని స్తంభాలు, కొసన గాలం వేసుకుని కూర్చున్న ఒక మనిషి. చూడగానే "ఇలాంటిది మనమూ ఒకటి తీస్తే ఎంత బాగుణ్ణు!" అనిపిస్తుంది.

ఇంతకీ ఆ ఫొటో ఎక్కడ తీసి ఉంటారు? విశాఖపట్నంలోనా? కాకినాడలోనా? అక్కడ కాదు. మన తెలుగువాళ్ల సముద్రం తూర్పున ఉంది. పొద్దు అందులోంచి పొడుస్తుంది గాని అందులోకి కుంకదు. సాయంత్రంపూట విశాఖ బీచిలో సముద్రం వైపు తిరిగి నిలబడితే సూర్యుడు మీ వీపు వెనక, ఊరికి అవతల దిగిపోతాడు. కనక ఆ బొమ్మకు పడమటి తీరం కావాలి. కేరళలోని అలప్పుళలో, కోళిక్కోడ్‌లో పూర్వం ఓడల్లోకి సరుకు ఎక్కించడానికి సముద్రంలోకి కట్టిన రేవు వంతెనలు ఉండేవి. వాటి శిథిలాల మధ్య పొద్దు కుంకడం చూడడానికి జనం ఇప్పటికీ వెళుతుంటారు.

మరి మన సంగతేమిటి? మనం దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్.బి.నగర్‌లోనో ఉన్నాం. ఇక్కడి నుంచి సముద్రం ఎటు చూసినా 250 కిలోమీటర్లకు పైమాటే. అంతమాత్రాన దిగులు పడనక్కర లేదు. సముద్రం ఉన్న ఊళ్లలోనే సూర్యుడు అస్తమించాలని ఎక్కడా లేదు గదా! దిల్‌సుఖ్‌నగర్‌కు దక్షిణంగా, ఎల్.బి.నగర్‌కు పడమటి వైపుగా సరూర్‌నగర్ చెరువు ఉంది. దాని తూర్పు ఒడ్డున నిలబడితే మీకూ సూర్యుడికీ నడుమ నీళ్లుంటాయి. కావలసింది అదే. రేవు వంతెన లేదంటారా? 2018 సెప్టెంబరు నుంచి ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌ల మీదుగా మెట్రో రైలు నడుస్తోంది. సాయంత్రం ఆకాశానికి ఎదురుగా నల్లగా బారులు తీరిన ఆ స్తంభాలను ఒకసారి ఫుట్‌పాత్ మీద నిలబడి చూడండి. క్యాలెండరులోని వంతెనకు అవి ఏమాత్రం తీసిపోవు.

కెమెరా చేతికి తీసుకునే ముందు ఒక ముఖ్యమైన సంగతి. భూతద్దంతో ఎండను కాగితం మీద చుక్కగా పడేస్తే కాగితం కాలుతుందని మీకు తెలుసు. మన కంట్లోనూ ఒక లెన్సు ఉంది, దాని వెనక రెటీనా అనే తెర ఉంది. బైనాక్యులర్‌లోంచో, టెలిస్కోపులోంచో, అద్దానికి కన్ను ఆనించి చూసే పెద్ద కెమెరాలోంచో సూర్యుణ్ణి చూశారా, ఆ తెర కాలుతుంది. పైగా రెటీనాకు నొప్పి తెలియదు. కొన్ని గంటల తరవాత చూపు నడుమ ఒక మచ్చ ఏర్పడ్డాక గాని జరిగింది ఏమిటో అర్థం కాదు. కొందరికి ఆ మచ్చ ఎన్నటికీ పోదు.

1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతంలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆనాడు జనం తలుపులు బిగించుకుని ఇళ్లలో కూర్చున్నారు. ఎల్.బి.నగర్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుని వెళితే వచ్చే ప్రాంతంలో, జపాల్-రంగాపూర్ వద్ద, ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల ఉంది. అక్కడ మాత్రం శాస్త్రజ్ఞులు తగిన పరికరాలతో గ్రహణాన్ని పరిశీలించారు. గ్రహణం నాటి సూర్యుడంటే అంత భయపడే మనం, రోజూ సాయంత్రం వచ్చే సూర్యుణ్ణి అసలు లక్ష్యపెట్టం! కంటికి మాత్రం ఇద్దరూ ఒకటే. ఎర్రగా, చల్లగా కనిపించినా ఆ కాంతిలో కంటికి కనబడని పరారుణ కిరణాలు ఉంటాయి. కాబట్టి తదేకంగా చూడకండి. సెల్‌ఫోను అయితే దాని తెర మీదే చూడండి. కన్ను ఆనించే కెమెరా అయితే సూర్యుడు ఇళ్ల వెనక్కి పూర్తిగా దిగిన తరవాతే కన్ను ఆనించండి. చెరువు గట్టు జారుడుగా ఉండవచ్చు, అన్నయ్యనో బాబాయినో వెంట తీసుకువెళ్లండి. ఆ వేళకు అక్కడి దోమలు కూడా మీకోసం సిద్ధంగా ఉంటాయి. నిండు చేతుల చొక్కా వేసుకోవడం మంచిది.

ఇప్పుడు, ఎన్నింటికి వెళ్లాలి? మే నెలాఖరులో హైదరాబాదులో సూర్యాస్తమయం సాయంత్రం 6 గంటల 45 నిమిషాల ప్రాంతంలో. పంచాంగం చూసి సరిగ్గా ఆ వేళకు వెళ్లారనుకోండి, సూర్యుడు మీకు దొరకడు! ఎందుకని? పంచాంగం చెప్పే వేళ ఏ అడ్డూ లేని చదును క్షితిజానికి, అంటే సముద్రం లాంటి చోటుకు. మనకు అడ్డంగా ఇళ్లున్నాయి. అర కిలోమీటరు దూరంలో 20 మీటర్ల ఎత్తు భవనం ఉందనుకుందాం. అది క్షితిజం మీద రెండు డిగ్రీలకు కాస్త పైగా లేస్తుంది. మన ఊళ్లో వేసవిలో దిగే సూర్యుడు గంటకు సుమారు 13 డిగ్రీల చొప్పున కిందికి జారుతాడు. అంటే ఒక్కో డిగ్రీకి నాలుగున్నర నిమిషాలు పైన. లెక్క కట్టండి: పంచాంగం కన్నా పది నిమిషాలు ముందే ఆ భవనం సూర్యుణ్ణి మింగేస్తుంది.

డిగ్రీలు కొలవడానికి మీ దగ్గర పరికరం ఉంది. చెయ్యి బారుగా చాచి చిటికెన వేలు నిలబెట్టండి. దాని వెడల్పు సుమారు ఒక డిగ్రీ. ఉదయంపూట, సూర్యుడు తూర్పున ఉన్నప్పుడు వెళ్లి, పడమటి ఇళ్లు ఎన్ని చిటికెన వేళ్ల ఎత్తున ఉన్నాయో కొలుచుకోండి. వేలికి నాలుగున్నర నిమిషాలు తీసివేస్తే మీ చెరువుకు మీ సొంత పంచాంగం తయారవుతుంది. ఇంకో సంగతి: సూర్యబింబం అంచు ఇంటి కప్పును తాకిన క్షణం నుంచి మొత్తం మాయమయ్యే వరకు పట్టేది రెండున్నర నిమిషాలే. లండనులో వేసవిలో ఇదే పనికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది, అక్కడ సూర్యుడు మరీ ఏటవాలుగా దిగుతాడు గనక. మన సూర్యుడు తొందరమనిషి. ఫోను జేబులోంచి తీసి, తాళం తెరిచి, లెన్సు తుడుచుకునేలోపే పని అయిపోతుంది. ముందే సిద్ధంగా ఉండండి.

సాయంత్రం సూర్యుడు ఎందుకు ఎర్రబడతాడు? నడినెత్తిన ఉన్నప్పటి కంటే, క్షితిజం దగ్గర ఉన్నప్పుడు అతని కాంతి దాదాపు 40 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. గాలి అణువులు కాంతిని నలుదిక్కులా చెదరగొడతాయి. ఎర్ర కాంతి కంటే నీలి కాంతిని నాలుగు రెట్లకు పైగా ఎక్కువ చెదరగొడతాయని ఇంగ్లండులో లార్డ్ రాలీ 1871లో లెక్క కట్టి చూపించాడు. దారిలో నీలం చెదిరిపోగా మనదాకా వచ్చేది ఎరుపు, నారింజ. ఆ చెదిరిన నీలమే మరో చోటి వాళ్లకు పగటి ఆకాశం!

అయితే గాలిలో దుమ్ము ఎంత ఎక్కువైతే ఎరుపు అంత బాగుంటుందని అనుకోకండి. పెద్ద దుమ్ము రేణువులు అన్ని రంగులనూ ఒకేలా చెదరగొడతాయి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో దిల్‌సుఖ్‌నగర్ మీద సూర్యుడు ఒక్కొక్క రోజు ఇళ్లను తాకకముందే మట్టి రంగు పొరలో కరిగిపోతాడు. అలాంటి రోజు ఫొటో పాలిపోయి వస్తుంది. ఒక గాలివాన పడనివ్వండి. మరునాటి సాయంత్రం వెళ్లండి, తేడా మీకే తెలుస్తుంది. ఇందుకు తిరకాసు లాంటి ఉదాహరణ ఒకటుంది. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ప్రపంచమంతటా నెలల తరబడి ఆకాశం రక్తవర్ణంతో అస్తమయాలు కనిపించాయి. అవి చాలా సన్నని రేణువులు, మేఘాలకు కూడా అందనంత ఎత్తున ఉండిపోయాయి. రోడ్డు మీది దుమ్ముకు ఆ ఘనత లేదు.

సరే, సూర్యుడు దిగుతున్నాడు. ఫోను ఎత్తి నొక్కారు. ఏమొచ్చింది? సూర్యుడి చోట తెల్లని మరక! ఎరుపూ లేదు, గుండ్రమూ లేదు. ఇదేం చిత్రం?

కెమెరాకు సూర్యాస్తమయం అంటే ఏమిటో తెలియదు. బొమ్మ మొత్తం మీద వెలుగు ఎంత ఉందో సగటు కట్టి, అది మరీ చీకటీ కాకుండా మరీ వెలుగూ కాకుండా సర్దుతుంది. బొమ్మలో ఎక్కువ భాగం చీకటి ఇళ్లూ నీళ్లూ గనక వాటికోసం కాంతిని ఎక్కువ తీసుకుంటుంది. పాపం సూర్యుడు పొంగిపోయి తెల్లబారతాడు. కాబట్టి ఆ సర్దుబాటును మీరు చేతిలోకి తీసుకోవాలి. ఫోను తెర మీద సూర్యుడి పక్కనున్న ఆకాశాన్ని వేలితో తాకండి. పక్కన వచ్చే వెలుగు గుర్తును కిందికి జరపండి. ఇళ్లు నల్లబడిపోతాయి. పోనివ్వండి! క్యాలెండరులో వంతెన నల్లగా ఉన్నది కూడా ఇందుకే.

సూర్యుడూ కావాలి, నీళ్లూ కావాలి అంటే? ఈ చిక్కు ఫొటోగ్రఫీ అంత పాతది. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఫొటోగ్రాఫరు 1850లలో సముద్ర దృశ్యాలు తీసేవాడు. ఆకాశానికి సరిపడా కాంతి ఇస్తే సముద్రం చీకటి అయ్యేది. సముద్రానికి సరిపడా ఇస్తే ఆకాశం తెల్లకాగితం అయ్యేది. ఆయన చేసిన ఉపాయం ఏమిటంటే, ఆకాశానికి ఒక నెగెటివు, సముద్రానికి ఇంకొక నెగెటివు విడివిడిగా తీసి, రెండింటినీ క్షితిజ రేఖ దగ్గర అతికి ఒకే బొమ్మగా అచ్చు వేయడం. 1857లో సేత్ అనే రేవు పట్టణంలో తీసిన "పెద్ద అల" బొమ్మ అలా తయారైందే. మీ ఫోను ఇవాళ చేసేదీ ఈ పనే. ఒక్క నొక్కుకు ఎక్కువ వెలుగువీ తక్కువ వెలుగువీ కొన్ని బొమ్మలు గబగబా తీసి, వాటిని ఒకటిగా కలుపుతుంది. లె గ్రేకు కత్తెరా ఓపికా కావలసి వచ్చాయి, ఫోనుకు రెప్పపాటు చాలు. కాని అది ఒక్కోసారి అతి చేస్తుంది. చీకటి పడుతున్న చెరువును పట్టపగలులా చూపిస్తుంది. నా మటుకు నాకు నల్లని ఇళ్ల బొమ్మే ఇష్టం.

రంగు దగ్గరా ఫోను ఇలాగే జోక్యం చేసుకుంటుంది. ఎరుపు ఎక్కువైందని దానికి అనిపిస్తే "దీపం రంగు తేడాగా ఉన్నట్టుంది" అనుకుని కాస్త నీలం కలిపి దిద్దుతుంది. మీరు చూసిన ఎరుపు ఫొటోలో తగ్గిపోతే కారణం ఇదే. ఫోనులో రంగు సర్దుబాటుకు సూర్యుడి గుర్తు ఉన్న మీట ఉంటే దాన్ని ఎంచుకోండి. అప్పుడు ఫోను దిద్దుబాటు మానేస్తుంది. రీలు కెమెరాల కాలంలో ఈ బాధ ఉండేది కాదు. పగటి కాంతికి తయారైన రంగుల రీలు సాయంత్రపు ఎరుపును ఎరుపుగానే పట్టేది. అంతకు ముందు కాలంలో బాధ వేరు. ఆరవ నిజాం కొలువులో పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ 1880లలో ఇక్కడ ఫొటోలు తీశాడు. ఆనాటి గాజు పలకలు మామూలుగా నీలి కాంతికే బాగా స్పందించేవి. ఎరుపు వాటికి చీకటితో సమానం. అందుకే చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టుకుని పని చేసేవారు. మీరు వదలలేక చూసే ఎర్రని సూర్యుడు ఆ పలకలకు కొడిగట్టిన దీపం!

ఇంటికి వచ్చి ఫొటో చూసుకుంటే ఇంకో నిరాశ. కంటికి పళ్లెమంత కనిపించిన సూర్యుడు ఫొటోలో ఆవగింజంత ఉంటాడు. ఇది కెమెరా తప్పు కాదు. సూర్యబింబం ఆకాశంలో ఆక్రమించేది అర డిగ్రీ, అంటే మీ చిటికెన వేలిలో సగమే! ఇళ్ల దగ్గరగా ఉన్నప్పుడు పెద్దగా కనిపించడం మన మనసు చేసే గారడీ. పున్నమి చంద్రుడు కూడా అర డిగ్రీయే, అతన్ని చూడడంలో ప్రమాదమూ లేదు. కాబట్టి పరీక్ష అతని మీద చెయ్యండి. ఉదయిస్తున్నప్పుడు ఒకటి, నడినెత్తికి వచ్చాక ఒకటి, ఒకే లెన్సుతో ఫొటోలు తీసి కొలవండి. తేడా కనిపించదు.

లెన్సు నాభ్యంతరాన్ని 110తో భాగిస్తే ఫిల్ము మీద సూర్యుడి బొమ్మ ఎంత వస్తుందో తెలుస్తుంది. రీలు కెమెరాలో మామూలు లెన్సు నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు. బొమ్మ అర మిల్లీమీటరు కూడా రాదు. 36 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్ములో అదెంత! 4000 చుక్కల వెడల్పు ఉండే ఫోను ఫొటోలో సూర్యుడి వెడల్పు సుమారు 30 చుక్కలు. క్యాలెండరులో సూర్యుడు అంత పెద్దగా ఉన్నాడంటే 500, 600 మిల్లీమీటర్ల పొడుగాటి లెన్సు వాడి ఉంటారన్నమాట. అలాంటి లెన్సుతో తీసిన బొమ్మను జాగ్రత్తగా చూస్తే ఇంకో వింత: సముద్రాన్ని తాకబోతున్న సూర్యుడు గుండ్రంగా ఉండడు. పైనుంచి ఎవరో నొక్కినట్టు కోడిగుడ్డులా ఉంటాడు. గాలి కాంతిని వంచుతుంది. క్షితిజానికి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ వంచుతుంది. కింది అంచు పై అంచు కన్నా ఎక్కువ పైకి లేచినట్టు కనబడి బింబం నొక్కుకుపోతుంది. క్షితిజం దగ్గర ఈ లేపడం అర డిగ్రీకి పైనే, అంటే సూర్యుడి వెడల్పు కన్నా ఎక్కువ. బింబం కింది అంచు సముద్రాన్ని తాకినట్టు మీరు చూసే క్షణానికి అసలు సూర్యుడు పూర్తిగా కిందికి దిగిపోయి ఉంటాడు! మన చెరువు దగ్గర ఇళ్లు అడ్డం గనక ఇది బాగా తెలియదు. ఈ ఒక్క విషయంలో సముద్రం ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

నీళ్ల సంగతి మాత్రం మన చేతిలో ఉంది. నీళ్లలోకి నిటారుగా చూస్తే పడిన కాంతిలో నూటికి రెండు పాళ్లే తిరిగి వస్తాయి. బాగా ఏటవాలుగా చూస్తే దాదాపు అంతా తిరిగి వస్తుంది. కనక నిలబడి తీయకండి. గట్టు మీద గొంతుకు కూర్చుని ఫోనును వీలైనంత కిందికి పెట్టి తీయండి. నీళ్లు ఒక్కసారి వెలిగిపోతాయి. గాలి లేకపోతే నీళ్లలో ఒకే సూర్యుడు. అలలుంటే ఒక్కొక్క అల ఒక్కొక్క వంగిన అద్దమై, సూర్యుడి దగ్గర నుంచి మీ కాళ్ల దాకా వెలుగు బాట పరుస్తుంది. గుర్రపుడెక్క పెరిగిన చోట ఏ బాటా ఉండదు. అది లేని చోటు వెతుక్కోండి.

ఒక్క ఫొటోతో ఆపకండి. ఏప్రిల్ నుంచి జూలై దాకా ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి, ఒకే నీళ్ల ట్యాంకునో ఒకే సెల్ టవర్‌నో బొమ్మ నడుమ పెట్టి తీయండి. వరసగా పేర్చితే సూర్యుడు ఆ ఇళ్ల మీదుగా కుడివైపుకు, అంటే ఉత్తరానికి నడుస్తుంటాడు. ఏప్రిల్‌లో వారానికి సుమారు అయిదు సూర్యుళ్ల వెడల్పు చొప్పున జరుగుతాడు. జూన్ 21 దగ్గర పడేకొద్దీ నెమ్మదించి, పడమటికి సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా నిలిచిపోయి, మళ్లీ వెనక్కి మళ్లుతాడు. అదే దక్షిణాయనం. కాని మన ఊళ్లో పొద్దు అన్నిటికన్నా ఆలస్యంగా కుంకేది జూన్ 21న కాదు, జూలై మొదటి వారంలో! పంచాంగం తిరగేసి చూసుకోండి.

మీ వీధి పడమటికి కాస్త అటూ ఇటూగా ఉంటే, ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా వీధి కొసన దిగుతాడు. న్యూయార్క్‌లోని మాన్‌హటన్ వీధుల్లో ఇది మే నెలాఖరున ఒకసారి, జూలై రెండో వారం ప్రాంతంలో ఒకసారి జరుగుతుంది. ఆ సాయంత్రాలు అక్కడి జనం కెమెరాలు పట్టుకుని రోడ్ల మీదికి వస్తారు. ఎల్.బి.నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు పోయే పెద్ద రోడ్డు వంపులు తిరుగుతూ వాయవ్యంగా పోతుంది. దాని పక్క కాలనీల్లో వీధులు అన్ని దిక్కులకూ ఉన్నాయి. ఏ వీధికి ఏ తేదీ? ఇది ఇంకా ఎవరూ మీకు రాసిపెట్టలేదు. ఫొటో కింద తేదీ, వేళ, నిలబడిన చోటు రాసుకోవడం మరవకండి. జూన్ రెండో వారం నుంచి ఆకాశం మబ్బు పట్టి కొన్ని ఆదివారాలు ఖాళీగా పోతాయి. వాటినీ "మబ్బు" అని రాసుకోండి.

సూర్యుడు దిగిపోయాడు. గట్టు మీది వాళ్లు ఇళ్లకు మళ్లుతున్నారు. మీరు మాత్రం ఫోను జేబులో పెట్టేయకుండా వెనక్కి, ఎల్.బి.నగర్ వైపు తిరగండి. తూర్పున క్షితిజాన్ని ఆనుకుని ముదురు నీలపు పట్టీ ఒకటి, దాని మీద లేత గులాబీ రంగు పట్టీ ఒకటి కనిపిస్తాయి. ఆ నీలపు పట్టీ ఏమిటో తెలుసా? భూమి నీడ! మనం నిలబడ్డ ఈ భూమి నీడే గాలి మీద పడి, సూర్యుడు కిందికి దిగేకొద్దీ అటు పైకి లేస్తుంటుంది. విశాఖ బీచిలోని పిల్లలకు మనకన్నా సుమారు 20 నిమిషాల ముందే ఇది సముద్రం మీద, ఇళ్ల అడ్డం లేకుండా కనిపిస్తుంది. సూర్యుడు వీపు వెనక ఉన్నాడని వాళ్లు ఇంటికి వెళ్లిపోతే దాన్ని చూడలేరు. పది పదిహేను నిమిషాల్లో దాని అంచు చెదిరి రాత్రిలో కలిసిపోతుంది. దీన్ని ఏ కెమెరాతోనైనా, ఎంతసేపైనా, కన్ను ఆనించి మరీ చూడవచ్చు.